మొహమాటపు గొడుగులు

"ముప్పై ఆరు సార్లు!" అంది యజమానురాలు. కాగితాన్ని కళ్లద్దాలకు దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టి చూసింది. ఎలా చూసినా ముప్పై ఆరే. "ముప్పై ఆరు గొడుగులు తీసి అవతల పడేశారు మీ వదినగారు. కారణం రాయమన్న గడిలో ముప్పై ఆరు సార్లూ ఒకటే మాట. చదవమంటారా?"

చదవక్కర్లేదు. సూపర్‌వైజరు పొద్దున్నే చదివి, తల పట్టుకుని, ఆ తర్వాతే ఈ గదిలోకి వచ్చాడు. వదిన గుండ్రటి చేతిరాతలో పైనుంచి కింది దాకా వరసగా ఉంది: "మొహమాటంగా తెరుచుకుంది. మొహమాటంగా తెరుచుకుంది. మొహమాటంగా..."

ఆ ఫారం తయారు చేసింది ఆయనే. గొడుగుల కార్ఖానాలో తనిఖీ అంటే ఇన్నాళ్లూ ఒకరు చూసి బాగుందనడం, బాలేదనడం, అంతే. అది ఆయనకు నచ్చలేదు. మూడు వారాలు కూర్చుని గొడుగుకు రాగల జబ్బులన్నీ పట్టీ రాశాడు. గుడ్డ చిరుగు, కుట్టు జారడం, ఊచ వంకర, పిడి వదులు, స్ప్రింగు మెత్తన, అలా పదకొండు. గొడుగును పక్కన పెట్టేవాళ్లు పదకొండింటిలో ఏదో ఒక అంకె వేయాలి. అడుగున తనే స్కేలు పెట్టి రెండు గీతలు కొట్టి మరీ రాశాడు: కారణం లేని తిరస్కారం చెల్లదు.

"ఎందుకంటే..." అని మొదలుపెట్టాడు సూపర్‌వైజరు. ఏ మాటైనా ఆయన అలాగే మొదలుపెడతాడు. అందుకే కార్ఖానాలో అందరూ చాటుగా ఆయన్ని 'ఎందుకంటే గారు' అంటారు. వదినకు చాటూ మాటూ లేదు, మొహం మీదే అంటుంది.

"ఎందుకంటేలు వద్దు," అంది యజమానురాలు. "రూలు మీదే. వారంలో పది దాటితే మనిషిని మార్చాలని మీరే రాశారు. శనివారం దాకా చూద్దాం. ఈలోగా ఆ ముప్పై ఆరింటికీ సరైన కారణం దొరికితే సరే, లేకపోతే ఆవిడ కింద పాకింగుకి. ఆవిడ కూర్చునే కిటికీ దగ్గర కొలతల యంత్రం పెట్టిద్దాం. మీరు ఆవిడకి మరిది కదా అని మొహమాటపడకండి."

ఆ చివరి మాట అనేశాక ఆవిడకే నవ్వొచ్చింది. ఆయనకు మాత్రం రాలేదు. పాకింగు గది నేల కింద ఉంటుంది. జీతం తగ్గదు, బరువులు మొయ్యక్కర్లేదు, అదంతా నిజమే. కానీ అట్టపెట్టెలకు టేపు వేసే యంత్రాలు నాలుగు అక్కడ చెవులు పగిలేలా అరుస్తూ ఉంటాయి. పక్కమనిషి కేకేసినా వినపడదు. వదినను మాటలు లేని చోట కూర్చోబెట్టడమంటే, ఆవిడ ఎన్నాళ్లు బతికి బట్టకడుతుందో ఆయన ఊహించుకోలేకపోయాడు.

బయటికి వచ్చేసరికి వదిన కిటికీ దగ్గర ఎత్తు స్టూలు మీద కూర్చుని పనిలో ఉంది. ఎడమ చేత్తో గొడుగు అందుకుంటుంది. బొటనవేలితో కర్ర మీద జారే గొట్టాన్ని పైకి తోస్తుంది, టప్పుమని తెరుచుకుంటుంది. గొడుగును సగం తిప్పుతుంది, మూసేస్తుంది, కుడి బుట్టలో వేస్తుంది. అంతా కలిపి నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లలో ఒక్కసారి కూడా గొడుగు వంక చూడదు. చూపంతా ఎదురుగా కుట్టుమిషన్ల మీద ఉన్న ఆడవాళ్ల వైపు. నోరు ఆగదు.

"...అప్పుడు మా చెల్లెలు ఏమందంటే, ఆ దంతవైద్యుడికే పన్ను నొప్పి వచ్చిందట. పొద్దున్నే వెళ్తే ఆయనే కుర్చీలో పడుకుని ఉన్నాడట! ఏం మరిదీ, మేడమ్‌గారు చీవాట్లు పెట్టారా?"

"వదినా, మొహమాటం అంటే ఏమిటి?"

"అయ్యో రామా, నీకు తెలియదా? వద్దు అనలేక సరే అనడం."

"గొడుగు ఎలా మొహమాటపడుతుంది?"

వదిన పక్క బుట్టలోంచి ఒకటి తీసి తెరిచింది. టప్. మంచిదొకటి తీసి తెరిచింది. టప్. "చూశావా?"

ఆయనకేమీ తెలియలేదు. రెండూ నల్ల గొడుగులు, రెండూ తెరుచుకున్నాయి.

"ఇది మనస్ఫూర్తిగా తెరుచుకుంది. అది మొహమాటంగా తెరుచుకుంది," అంది వదిన, ఇంతకంటే విడమరిచి ఎవరు చెప్పగలరన్నట్టు.

ఆ సాయంత్రం దాకా ఆయన ఆ ముప్పై ఆరింటినీ ఒక్కొక్కటిగా కొలిచాడు. ఊచల పొడవు సరిపోయింది. స్ప్రింగు బలం సరిపోయింది. గొట్టం చుట్టుకొలత వెంట్రుకవాసి కూడా తేడా లేదు. కుళాయి కింద పెట్టి తడిపాడు, ఒక్క చుక్క కారలేదు. పదకొండు కారణాల్లో ఒక్కటీ లేదు. లెక్క ప్రకారం వదినది తప్పు. లెక్క అంత చక్కగా కుదిరినందుకు ఆయనకు ఎక్కడో సంతోషం కలగాలి. ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియలేదు.

బుధవారం పరీక్ష. అది కూడా ఆయన ఆలోచనే. అరవై గొడుగులు, వాటిలో పన్నెండు వదిన వద్దన్నవి. పిడి లోపల కనపడకుండా నంబరు చీటీలు. ఏది ఏదో యజమానురాలి దగ్గరున్న కాగితంలోనే ఉంటుంది. నిష్పక్షపాతంగా ఉండాలని వదినను కిటికీ దగ్గర్నుంచి లేపి, యజమానురాలి గదిలో బల్ల ముందు కూర్చోబెట్టారు. తలుపు వేశారు. ఫ్యాను చప్పుడు కూడా అడ్డం కాకూడదని ఆయనే లేచి ఆపాడు.

"నిదానంగా చూడు వదినా. తొందరేం లేదు. మాట్లాడకుండా మనసు పెట్టి చూడు."

వదిన మనసు పెట్టింది. ఒక గొడుగు తెరిచి, దాన్నే చూస్తూ కూర్చుంది. మూసి, మళ్లీ తెరిచింది. చెవి దగ్గర పెట్టుకుంది. కిటికీ దగ్గర నాలుగు సెకన్లు పట్టే పనికి ఇక్కడ నాలుగు నిమిషాలు పట్టింది. నుదుట చెమటలు పోశాయి. నలభయ్యో గొడుగు దగ్గరకు వచ్చేసరికి చేతులు కూడా ఆమెవి కాకుండా పోయాయి. బొటనవేలు జారి గొట్టం తిరిగి కిందికి వచ్చి గోరు నలిగింది.

పన్నెండు తీసి పక్కన పెట్టింది. యజమానురాలు కాగితం తెరిచి చూసింది. మూడు సరైనవి. తొమ్మిది తప్పు.

"కళ్లు మూసుకుని ఏరినా రెండో మూడో తగులుతాయి," అంది యజమానురాలు. కఠినంగా అనలేదు, మెల్లగానే అంది. అదే ఎక్కువ బాధ. వదిన చెవులు ఎర్రబడ్డాయి. "సరేనండి," అని లేచి వెళ్లిపోయింది.

ఆ రోజు ఆమె కిటికీ దగ్గర ఒక్క మాట మాట్లాడలేదు. కుట్టుమిషన్ల ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దంతవైద్యుడి కథ మధ్యలోనే ఆగిపోయింది. కడకు ఆయనకు పన్ను పీకారో లేదో ఎవరికీ తెలియలేదు.

ఇంట్లోనూ అంతే. అన్నదమ్ములది ఒకే ఇల్లు, పైన ఆయన, కింద అన్నయ్యా వదినా వాళ్ల కూతురూ. భోజనం మాత్రం కిందే. అన్నయ్య దర్జీ. మాట తక్కువ మనిషి. ఆ ఇంట్లో మాటల వాటా అంతా వదినకు అప్పగించేసి నిశ్చింతగా ఉండేవాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర చెంచాల చప్పుడు తప్ప ఇంకేం లేకపోయేసరికి బెదిరిపోయాడు.

"ఏమైందిరా?" అని తమ్ముణ్ణి అడిగాడు.

"నేనే చేశాను అన్నయ్యా," అన్నాడు ఆయన. ఎందుకంటే అని మాత్రం అనలేదు.

గురువారం సాయంత్రం ఆయన కిందికి దిగేసరికి వదిన నేల మీద ఉతికిన బట్టల గుట్ట ముందు కూర్చుని ఉంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. అవతల చెల్లెలు. ఒకరోజు మూగనోము పట్టాక ఇక ఆగలేకపోయినట్టుంది, గలగలా మాట్లాడేస్తోంది. చేతులు వాటి మానాన అవి మేజోళ్లు జత చేస్తున్నాయి. అన్నీ నల్లవే. అన్నయ్యవి, ఆయనవి, కూతురి బడివి. చూడకుండా ఒకటి తీస్తుంది, గుట్టలోకి చెయ్యి పోనిస్తుంది, రెండోది లాగుతుంది, చుట్టేస్తుంది.

వదిన చుట్టిన జతలు నాలుగు ఆయన విప్పి చూశాడు. నాలుగూ సరైన జతలే.

చెల్లెలు ఫోను పెట్టేసింది. మరిది పక్కనే నిలబడి చూస్తున్నాడని వదినకు అప్పుడు తెలిసింది. "ఏమిటి, మేజోళ్లకి కూడా ఫారం తెచ్చావా?" అని మూతి ముడుచుకుని, మాట్లాడకుండా, ఈసారి జాగ్రత్తగా చూసి చూసి జత చేసింది. ఆయన విప్పి చూశాడు. ఒకటి అన్నయ్యది, ఒకటి తనది.

ఆయన గుండె ఒక్కసారి గట్టిగా కొట్టుకుంది. ఏదో దొరికిందని ముందు ఆ గుండెకే తెలిసింది, ఏం దొరికిందో తలకు ఇంకా తెలియలేదు. మెట్ల మీద కూర్చుని ఆలోచించాడు. పరీక్ష నిష్పక్షపాతంగా ఉండాలని తను ఏం చేశాడు? కిటికీ తీసేశాడు. మనుషుల్ని తీసేశాడు. మాట తీసేశాడు. నిదానంగా చూడమన్నాడు. ఈతగాణ్ణి ఒడ్డు మీద పడుకోబెట్టి ఈదమన్నట్టు చేసి, పైగా మార్కులు వేశాడు. తెలివిగలవాణ్ణని పేరొకటి!

"వదినా!" అని అక్కణ్ణుంచే అరిచాడు. "రేపు ఇంకో పరీక్ష."

"నీకు దణ్ణం పెడతాను, వద్దు."

"ఈసారి నువ్వేం చూడక్కర్లేదు. ఆ దంతవైద్యుడి కథ చెబితే చాలు."

శుక్రవారం మధ్యాహ్నం, కిటికీ దగ్గర, మామూలు స్టూలు మీద. అవే అరవై గొడుగులు, కొత్త చీటీలు. ఏది ఏదో రాసిన కాగితం ఈసారి కుట్టుమిషన్ల పెద్దావిడ జాకెట్టులో దాచుకుంది, సూపర్‌వైజరుకు కూడా చూపించనని పంతం పట్టింది. ఆడవాళ్లు మిషన్లు ఆపకుండానే చెవులు ఇటు పెట్టారు.

వదిన మొదట్లో బిగుసుకుంది. రెండు గొడుగులు తెరిచేదాకా మాట పెగల్లేదు. "ఇంతకీ పన్ను పీకారా లేదా?" అని ఎవరో అరిచారు.

"పీకడానికి ఎవరున్నారే! పక్క వీధి డాక్టరు దగ్గరికి పోతే పరువు పోతుందని ఆయన అద్దం ముందు నిలబడి, తన పన్ను తనే..."

టప్. టప్. టప్. కథ నడుస్తూ ఉంటే చేతులు నడిచాయి. దంతవైద్యుడు పొరపాటున పక్క పన్ను పట్టుకున్న చోట ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు, ఆ నవ్వుల్లో వదిన ఒకేసారి రెండు గొడుగులు అవతల పారేసింది. ఐదు నిమిషాల్లో అరవై అయిపోయాయి. పక్క బుట్టలో పన్నెండు.

పెద్దావిడ కాగితం తీసి, వేలితో ఒక్కొక్కటి చూసి, రెండోసారి చూసి, నోరెళ్లబెట్టింది. "పదకొండు సరిపోయాయమ్మా! ఒక్కటే తప్పింది!"

కేకలు, చప్పట్లు. ఎవరో ఉన్న గొడుగులన్నీ తెరిచేశారు. ఆయన కూడా చప్పట్లు కొట్టబోయి సగంలో ఆగాడు. ఆ గొడుగుల్లో ఏదో ఉందన్నది ఖాయం. ఏముంది? యజమానురాలి ముందు పెట్టడానికి కారణం కావాలి. రేపే శనివారం.

కొలవదగ్గవి ఇంకా వంద ఉన్నాయి. ఏది ముందు కొలవాలో ఏ లెక్కా చెప్పదు. ఆయన ఒక మంచిదాన్నీ ఒక మొహమాటపుదాన్నీ తీసుకుని స్టూలు పక్కన నేల మీద కూర్చున్నాడు. కళ్లు మూసుకుని, వదిన చెబుతున్న ఇంకేదో కథ వింటూ, మార్చి మార్చి తెరిచాడు. పది సార్లు. ఇరవై సార్లు. ఏమీ లేదు. కథలో ఎవరో పెళ్లికూతురికి బస్సు తప్పిపోయింది. అది వింటూ ఆయన నవ్వుతూండగా, చేతిలో ఏదో కలుక్కుమంది. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనప్పుడు అయ్యేలాంటిది. ఒక్క క్షణం, అంతే. ఎక్కడ అని అడిగితే చెప్పలేడు. కానీ బొటనవేలు అప్పటికే గొట్టం కింది అంచు మీదికి వెళ్లి ఆగింది.

కళ్లు తెరిచాడు. భూతద్దం తెచ్చాడు. గొడుగు తెరుచుకున్నాక గొట్టాన్ని కిందికి జారకుండా పట్టి ఉంచేది కర్రలోంచి పొడుచుకొచ్చే చిన్న ఇనప కొక్కెం. మంచి గొడుగులో గొట్టం అంచు చాకుతో కోసినట్టు తిన్నగా ఉంది, కొక్కెం మీద నిండుగా ఆనింది. రెండోదానిలో అంచు ఇంతంటే ఇంత గుండ్రంగా ఉంది. కొక్కెం మీద సగమే ఆనింది. వదిన వద్దన్న మిగతావాటి అంచులూ అంతే. చుట్టుకొలత ఎన్నిసార్లు కొలిస్తే మాత్రం అంచు ఎలా తెలుస్తుంది!

ఆయనకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అంత సంతోషం కలిగింది కాబట్టే తన మీద తనకు అనుమానం వచ్చింది. వదిన నెగ్గాలని ఉన్నవాడికి ఏ అంచైనా గుండ్రంగానే కనపడుతుంది. సగం ఆనితే మాత్రం ఏమైంది, గొడుగు నిలబడింది కదా? కాగితం మీద సంతకం పెట్టి, ఆరు మంచివీ ఆరు చెడ్డవీ ఇంటికి పట్టుకెళ్లాడు.

ఆ సాయంత్రం ఆ ఇంట్లో కురిసిన గొడుగులు ఇంకే ఇంట్లోనూ కురిసి ఉండవు. ఒక్కొక్కటి రెండువందల యాభై సార్లు తెరిచి మూయాలి. ఏది మంచిదో ఏది చెడ్డదో ఆయనకు తప్ప ఎవరికీ తెలియకూడదు. ఆయన ముట్టుకోకూడదు, లెక్క రాయాలి. అన్నయ్య కుర్చీలో, వదిన నేల మీద, కూతురు బల్లెక్కి. టప్ టప్ టప్. గాలికి గోడ మీది కాగితాలన్నీ ఎగిరాయి.

"బాబాయ్, నాది నూట పది! చెయ్యి పడిపోతోంది."

"ఎడమ చేత్తో కొట్టు."

"ఏమండీ, మీరు లెక్క ఎగ్గొడుతున్నారు. నేను చూస్తూనే ఉన్నాను," అంది వదిన.

"నూట ముప్పై ఏడు," అన్నాడు అన్నయ్య హుందాగా. నూట ముప్పై ఎనిమిదోసారి గొడుగు తెరిచి నెత్తి మీద పెట్టుకుని, "ఇదిగో..." అన్నాడు. ఏమనబోయాడో తెలియదు. గొట్టం కొక్కెం మీంచి జారిపోయి, గొడుగు మొత్తం అన్నయ్య తల మీద ముడుచుకుపోయింది. మెడ దాకా మనిషి మాయం. లోపల్నుంచి మాత్రం, "ఇదిగో, ఇలా అవుతోందేమిటి?" అన్న గొంతు నెమ్మదిగా వినపడింది.

కూతురు బల్ల మీంచి దొర్లి కింద పడి నవ్వింది. వదిన కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. లెక్క రాస్తున్న తమ్ముడి చేతిలోంచి కలం జారిపడింది. భోజనాల వేళకు ఆరు చెడ్డవీ ముడుచుకుపోయాయి, చివరిది రెండువందల పదకొండో సారికి. మంచివి ఆరూ చెక్కుచెదరలేదు. ఆ రాత్రి ఎవరికీ చెయ్యి పైకి లేవలేదు, అయినా అన్నయ్య రెండుసార్లు వడ్డించుకున్నాడు.

శనివారం పొద్దున్న యజమానురాలు భూతద్దంలోంచి చాలాసేపు చూసింది. కాగితం మీది అంకెలు చూసింది. గొట్టాలు సరఫరా చేసినవాళ్ల అచ్చు అరిగిపోయి ఉంటుందని ఆవిడే అంది. వర్షంలో నడిరోడ్డు మీద జనం నెత్తిన గొడుగులు ముడుచుకుపోతే తన పేరు ఏమయ్యేదో తల్చుకుని ఒక గ్లాసు నీళ్లు తాగింది.

"చాలా బాగుంది. ఫారంలో పన్నెండో కారణం చేర్చండి. అంచు చూసే పనిముట్టు ఒకటి చేయిద్దాం." ఆగి, కళ్లద్దాలు సర్దుకుంది. "అయితే ఇక ఆవిడ లేకపోయినా యంత్రమే పట్టేస్తుంది కదా?"

సూపర్‌వైజరు పన్నెండో అంకె వేయబోతున్న కలం ఆపేశాడు. ఇంత కష్టపడి కారణం కనిపెట్టి, ఆ కారణంతోనే వదిన స్టూలు తీసేయిస్తున్నాడా తను?  

"మేడమ్, సోమవారం నాకు పదకొండు తెలుసు. ఇవాళ పన్నెండు తెలుసు. పదమూడోది నాకు తెలియదు, యంత్రానికీ తెలియదు. మనం చెప్పనిది యంత్రం వెతకదు. ఆవిడ చేతికి ముందు తెలుస్తుంది. ఎప్పుడూ సరిగ్గా తెలుస్తుందని నేననను, నిన్న కూడా ఒకటి తప్పింది. కానీ ఎక్కడ వెతకాలో చెప్పే మనిషి లేకపోతే నేను భూతద్దం పట్టుకుని ఎటు వెళ్లాలి?"

"మరి మీ రూలు? కారణం లేని తిరస్కారం చెల్లదన్నారు."

"కారణం చెప్పాల్సింది ఆవిడ కాదు మేడమ్. వెతకాల్సింది నేను. రూలు రాసేటప్పుడు నేనే పని ఎగ్గొట్టాను."

 యజమానురాలు ఫారం తీసుకుని, అడుగున ఆయన గీసిన రెండు గీతల మాటను కొట్టేసింది. "మీ బల్ల ఆ కిటికీ పక్కకి జరుపుకోండి. ఆవిడ పడేస్తారు, మీరు వెతుకుతారు. ఆ కబుర్లన్నీ మీరే వినాలి మరి, నాకేం సంబంధం లేదు."

మధ్యాహ్నానికి బల్ల జరిగింది. కుట్టుమిషన్ల ఆడవాళ్లు తలో కాలూ పట్టుకుని మోశారు. వదిన స్టూలు మీంచి దిగకుండా, "ఇంకాస్త ఎడమకి, వెలుగు రావాలిగా పిల్లాడికి," అని పురమాయించింది.

సోమవారం వదిన మూడు గొడుగులు పక్కన పడేసింది. మొదటిదానిలో ఊచ కొసన సన్నటి పగులు గంటలో దొరికింది. రెండోదాని కుట్టులో ఒక దారం మాత్రం వేరే రకం. మూడోదాన్ని ఆయన భోజనం వేళ నుంచి సాయంత్రం గంట కొట్టేదాకా విప్పి, బిగించి, భూతద్దం కింద పెట్టి, రెండువందల యాభై సార్లు తెరిచి మూశాడు. ఏమీ లేదు.

ఇంటికి బయల్దేరేసరికి వాన. గొడుగుల కార్ఖానాలో పనిచేసేవాళ్ల దగ్గర ఏనాడూ గొడుగుండదు. ఆయన పుస్తకంలో సంతకం చేసి ఆ మూడోదాన్నే పట్టుకొచ్చాడు. ఇద్దరూ దాని కింద నడిచారు. వదిన చెల్లెలి కొత్త ఇంటి సంగతులు చెబుతోంది. ఆయన దారి చూడడం లేదు, పైకే చూస్తున్నాడు. వీధి మలుపులో గాలి ఒక్క విసురు విసిరింది. చుట్టుపక్కల గొడుగులన్నీ తిరగబడ్డాయి. ఇది కదల్లేదు.

ఆయన నడిరోడ్డు మీద ఆగి గొడుగును కుదిపాడు. మూశాడు, తెరిచాడు. మళ్లీ మూశాడు.

"ఏయ్, తడిసిపోతున్నాను!" అంది వదిన.

"ఆగు వదినా. పడిపోవాలి కదా ఇది. ఇంకొక్కసారి..."

"నీ మొహం. బాగున్నదాన్ని ఎందుకు పడగొడతావు? ఈసారి నాది పొరపాటు, అంతే. రోజుకి నాలుగు వేలు తెరుస్తాను, ఒక్కటి తప్పకూడదా?"

ఆమెకు చీమ కుట్టినట్టయినా లేదు. ఆయనకు మాత్రం ఉక్రోషంగా ఉంది. పిడి పట్టుకుని గాలికి ఎదురుగా అటూ ఇటూ ఊపుతున్నాడు. చొక్కా ఒంటికి అంటుకుపోయింది, కళ్లద్దాల మీంచి నీళ్లు కారుతున్నాయి. బస్సు కోసం చూరు కింద నిలబడ్డ జనం ఈ పెద్దమనిషికి ఏమొచ్చిందా అని చూస్తున్నారు.

"ఒక్కటి చెప్పు మరిదీ," అంది వదిన, మొహం మీది నీళ్లు తుడుచుకుంటూ. "నీకు నిజం తెలియాలా, నేను గెలవాలా?"

ఆయన ఆగిపోయాడు. వారం రోజులుగా కొలిచినవీ, లెక్కపెట్టినవీ, రాసుకున్నవీ అన్నీ తల్చుకున్నాడు. అవన్నీ నిజమే. కానీ గురువారం మెట్ల మీద కూర్చుని ఆలోచించింది మాత్రం వాటి కోసం కాదు.

"నువ్వు గెలవాలి," అన్నాడు. వాన హోరులో వినపడిందో లేదోనని మళ్లీ అరిచాడు. "నువ్వు గెలవాలి వదినా!"

చూరు కింద ఎవరో చప్పట్లు కొట్టారు. వదిన నవ్వు ఆపుకోలేక దీపస్తంభం పట్టుకుంది. తర్వాత ఆయన చేతిలోంచి గొడుగు లాక్కుని, బొటనవేలితో ఒక్క తోపు తోసి, ఇద్దరి మీదికీ పట్టింది.

"గెలిచాం కదయ్యా, మొన్నే. పద, మీ అన్నయ్య చూస్తుంటారు."

నిలువెల్లా తడిసిపోయిన ఇద్దరూ ఆ గొడుగు కింద జాగ్రత్తగా ఇంటికి నడిచారు.